యాప్ తీసేశాను, మరి కార్డు పోలేదా?

తణుకు నుంచి ఒక టీచర్ గారు రాశారు. ఉత్తరం పెద్దది, నేను కుదించి చెప్తాను. దసరాకి కొత్త ఫోన్ కొన్నారు, పాతది మరిది గారి అబ్బాయికి ఇచ్చేశారు. ఆ పిల్లాడు విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. ఇచ్చే ముందు జాగ్రత్తగా గూగుల్ పే యాప్ డిలీట్ చేసే ఇచ్చారట. అయినా క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్‌లో నెల నెలా 149 ఒకటి, 89 ఒకటి కట్ అవుతున్నాయి. భర్త గారేమో కార్డు బ్లాక్ చేసి పారెయ్ అంటున్నారు, కానీ ఎల్ఐసీ ప్రీమియం, కరెంటు బిల్లు, ఫ్రిజ్ ఈఎంఐ అన్నీ దాని మీదే ఉన్నాయి. చికాగోలో ఉన్న కొడుకు ఫోన్ చేసి "వాలెట్ ఓపెన్ చేసి కార్డు రిమూవ్ చెయ్యమ్మా, రెండు నిమిషాల పని" అంటాడు, ఈవిడ ఫోన్లో వాలెట్ అన్నదే కనపడట్లేదు. పిల్లాడిని అడుగుదామంటే తోడికోడలు ఏమనుకుంటుందో అని భయం. "కార్డు ఫోన్లోంచి పూర్తిగా తీసెయ్యడం ఎలా, ఆ అబ్బాయే వాడుతున్నాడా, నేను ఎవరిని అడగాలి" అని ప్రశ్న.

టీచర్ గారూ, ముందు ఆఖరి దానికి సమాధానం చెప్తాను, ఎందుకంటే ఉత్తరం అంతా చదివితే మీకు 238 రూపాయల కంటే తోడికోడలి సంగతే ఎక్కువ బెంగగా ఉన్నట్టు అనిపించింది. ఇవాళ రేపట్లో ఎవరికీ ఫోన్ చెయ్యకండి. పిల్లాడి పేరు ఎత్తకండి. ముందు ఒక తేదీ చూడాలి, అది చూశాక అప్పుడు మాట్లాడుకుందాం.

ఎందుకంటే, మన దేశంలో ఇచ్చిన కార్డుతో మన దేశంలోని యాప్‌లో నెల నెలా కట్ అయ్యే సబ్‌స్క్రిప్షన్ ఏదైనా మొదలవ్వాలంటే మొదటిసారి ఓటీపీ పడాల్సిందే. ఆ ఓటీపీ మీ నంబర్‌కి వస్తుంది, మీ సిమ్ మీ కొత్త ఫోన్లో ఉంది. అంటే పిల్లాడు మీకు తెలియకుండా ఒక్కడే కూర్చుని దీన్ని మొదలుపెట్టడం చాలా కష్టం. కాబట్టి రెండిట్లో ఒకటి జరిగి ఉంటుంది. ఒకటి, ఇది మీరు పాత ఫోన్ వాడుతున్నప్పుడే, బహుశా ఒక నెల ఫ్రీ అంటే సరే అని నొక్కి, తర్వాత మర్చిపోయింది. లేదా, "పెద్దమ్మా నీకో ఓటీపీ వచ్చింది చూడు, చదివి చెప్పవా" అని వాడు ఎప్పుడో ఫోన్ చేస్తే మీరు వంటింట్లోంచే చదివి చెప్పేసి ఉంటారు. మొదటిసారి అలా దాటిపోతే ఇక తర్వాత నెలల్లో ఓటీపీ అడగదు. 15,000 రూపాయల లోపు నెలవారీ కోతలకి ప్రతిసారీ ఓటీపీ అక్కర్లేదని రిజర్వ్ బ్యాంక్ రూలే ఉంది. 2021 అక్టోబర్ నుంచి ఈ పద్ధతి నడుస్తోంది, మొదట్లో ఆ పరిమితి 5,000, 2022 జూన్‌లో 15,000 చేశారు. దీన్నే ఈ-మాండేట్ అంటారు, మీ బ్యాంకు యాప్‌లో కూడా మాండేట్ అనో, స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ అనో, ఆటో పే అనో ఏదో ఒక పేరుతో ఉంటుంది.

ఇప్పుడు చెయ్యాల్సింది ఏంటంటే మీ క్రెడిట్ కార్డు ఇచ్చిన బ్యాంకు యాప్ తెరవండి, గూగుల్ పే కాదు, బ్యాంకు వాళ్ళ యాప్. కార్డ్స్‌లోకి వెళ్ళి మీ కార్డు మీద నొక్కితే కింద బోలెడు ఆప్షన్లు వస్తాయి, లిమిట్ మార్చడం, పిన్ మార్చడం, వాటి మధ్యలో ఎక్కడో ఈ మాండేట్లు ఉంటాయి. కొన్ని బ్యాంకులు అక్కడి నుంచి సైహబ్ అనే ఇంకో పేజీకి తీసుకెళ్తాయి, అది చూసి ఇదేదో మోసం అని భయపడి వెనక్కి రాకండి, బ్యాంకు యాప్ లోపలినుంచి వెళ్ళినంతవరకు పర్వాలేదు. అక్కడ ఒక్కో మాండేట్‌కి ఎవరికి పోతోంది, ఎంత, ఎప్పుడు మొదలైంది, ఎప్పటిదాకా అని ఉంటుంది. ఆ మొదలైన తేదీయే నేను చెప్పేది. దసరాకి ముందు తేదీ ఉంటే పిల్లాడికి దీనితో ఏ సంబంధం లేదు, ఆ సబ్‌స్క్రిప్షన్ మీదే. దసరా తర్వాత తేదీ ఉంటే ఆ రోజు మీ మెసేజ్‌లలో వెనక్కి వెళ్ళి చూడండి, ఓటీపీ కనపడుతుంది, దాని పక్కన కాల్ లిస్టులో ఆ టైమ్‌కి ఎవరు ఫోన్ చేశారో కూడా కనపడుతుంది. అప్పుడు కూడా అది దొంగతనం అనుకోనక్కర్లేదు లెండి, పదహారు పదిహేడేళ్ళ పిల్లాడు ఏదో గేమ్ కోసం అడిగాడు, మీరు చెప్పారు, ఇద్దరూ మర్చిపోయారు, అంతే అయ్యుంటుంది.

ఇంకో సంగతి, ఈ కోతలకి కనీసం 24 గంటల ముందు మీకు కబురు రావాలి, ఫలానా వాళ్ళు ఫలానా తేదీన ఇంత కట్ చేసుకుంటారు, వద్దనుకుంటే ఇక్కడ ఆపండి అని. ఇదీ రూలే. మీకు ఒక్కటి కూడా రాలేదని రాశారు. ఎస్ఎంఎస్‌లో కాకుండా ఈమెయిల్‌కి వస్తూ ఉండొచ్చు, మీ జీమెయిల్ తెరిచి ఆ బ్యాంకు పేరు కొట్టి చూడండి, ప్రమోషన్స్ ట్యాబ్‌లో చీరల సేల్ మెయిళ్ళ కింద నలిగిపోయి ఉంటాయి. మరీ ఘోరం ఏంటంటే ఆ మెయిళ్ళు పిల్లాడి ఫోన్లో కూడా టింగు టింగుమని వస్తూ ఉండొచ్చు, అదెందుకో కాసేపట్లో చెప్తాను.

సరే, అసలు విషయం. యాప్ డిలీట్ చేస్తే కార్డు ఎందుకు పోలేదు?

మీరు కార్డు నంబర్ కొట్టి, ఓటీపీ ఇచ్చి, సేవ్ చేసిన రోజు మీ అసలు 16 అంకెల నంబర్ ఆ ఫోన్లో కూర్చోలేదు. దాని బదులు వీసా వాళ్ళు ఇంకో నంబర్ తయారు చేసి ఇచ్చారు, దాన్ని టోకెన్ అంటారు. ఆ టోకెన్ ఆ కార్డుకి, ఆ యాప్‌కి, ఆ ఫోన్‌కి మాత్రమే పనికొస్తుంది. 2022 అక్టోబర్ 1 నుంచి షాపింగ్ సైట్లు గానీ ఓటీటీలు గానీ మీ అసలు నంబర్ దాచుకోకూడదు, వాళ్ళ దగ్గర కూడా టోకెనే ఉంటుంది, మీకు చూపించడానికి చివరి నాలుగు అంకెలు ఉంటాయి. ఇది మంచి పనే, రేపు ఎవడైనా ఆ సైటుని కొల్లగొట్టినా మీ నంబర్ బయటికి పోదు. కానీ దీనివల్ల మీ ఒక్క కార్డుకి బయట చాలా టోకెన్లు తయారయ్యాయి, గూగుల్ పేలో ఒకటి, ఓటీటీ దగ్గర ఒకటి, బట్టల సైటులో ఒకటి, ప్లే స్టోర్‌లో ఒకటి. మీరు డిలీట్ చేసింది ఫోన్ మీద ఉన్న బొమ్మని మాత్రమే. ఇంటి గేటుకి తాళం వేసుకుని ఊరెళ్తే పేపర్ బిల్లు ఆగదు కదా, పేపర్ అబ్బాయికి వద్దని చెప్తేనే ఆగుతుంది, ఇదీ అంతే.

కాబట్టి మీ కార్డు నాలుగు చోట్ల ఉంది అనుకోండి, నాలుగు చోట్లా విడివిడిగా తియ్యాలి, ఒకచోట తీస్తే ఇంకోచోట దానంతటది పోదు. వాలెట్‌లో తీసెయ్యమని మీ అబ్బాయి చెప్పిన దాంతో సరిపోనిది ఇక్కడే.

మొదటిది ఆ డబ్బు తీసుకుంటున్న వాళ్ళ దగ్గర. 149 ఏదో ఓటీటీ అయితే ఆ యాప్‌లో మీ నంబర్‌తో లాగిన్ అయి సబ్‌స్క్రిప్షన్ క్యాన్సిల్ చెయ్యండి. 89 దేని గురించో తెలియట్లేదు అన్నారు, స్టేట్‌మెంట్‌లో ఆ లైన్ సరిగ్గా చదవండి, అక్కడ గూగుల్ ప్లే అని ఉంటే అది ప్లే స్టోర్ ద్వారా పోతోంది, ఏ యాప్ అన్నది ఆ లైన్‌లో తెలియకపోవచ్చు. ప్లే స్టోర్ తెరిచి పైన కుడివైపు మీ ఫోటో మీద నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్తే ఆ యాప్ పేరు బయటపడుతుంది. అక్కడే క్యాన్సిల్ ఉంటుంది. యాప్ ఫోన్లోంచి తీసేసినా ఈ సబ్‌స్క్రిప్షన్ నడుస్తూనే ఉంటుంది, ఇది చాలామందికి తెలియదు, తెలిసినవాళ్ళు కూడా మర్చిపోతారు. క్యాన్సిల్ చేసినా కట్టిన నెల అయ్యేదాకా చూడనిస్తారు, అది చూసి క్యాన్సిల్ అవ్వలేదేమో అని కంగారు పడొద్దు.

రెండోది బ్యాంకులో మాండేట్, ఇందాక తేదీ చూసిన పేజీలోనే క్యాన్సిల్ చెయ్యండి, ఓటీపీ అడుగుతుంది, ఆ పేజీలో మీరే కొట్టాలి. ముందు ఓటీటీలో ఆపి తర్వాత ఇక్కడ ఆపడం మంచిది. ఇక్కడ ఒక్కచోటే ఆపితే వాళ్ళు పేమెంట్ ఫెయిల్ అయింది కార్డు మార్చండి అంటూ మెయిళ్ళు, నోటిఫికేషన్లు వరుసపెట్టి కొడుతూనే ఉంటారు. అదే పేజీలో మీ ఎల్ఐసీ, కరెంటు బిల్లు మాండేట్లు కూడా కనపడొచ్చు, కళ్ళజోడు పెట్టుకుని పేరు చదివాకే నొక్కండి. ఆవేశంలో అన్నీ తీసేస్తే ప్రీమియం తప్పుతుంది.

మూడోది గూగుల్ పే, అంటే మీరు అసలు అడిగింది. కొత్త ఫోన్లో గూగుల్ పే తెరిచి పైన మీ ఫోటో మీద నొక్కితే పేమెంట్ మెథడ్స్ అని ఉంటుంది, కొన్ని వెర్షన్లలో పేర్లు కొంచెం అటూ ఇటూగా ఉంటాయి. బ్యాంకు అకౌంట్లు, కార్డులు విడివిడిగా కనపడతాయి. కార్డు మీద నొక్కితే అది పెద్దగా కనపడుతుంది, పైన మూలన మూడు చుక్కలు, వాటిమీద నొక్కితే రిమూవ్. అంతే, నిజంగానే రెండు నిమిషాలు. కొత్త ఫోన్లో కార్డే కనపడకపోతే ఆశ్చర్యపోకండి, ఫోన్‌కి ఫోన్‌కి టోకెన్ వేరే కాబట్టి కొత్త దాంట్లో మీరు కార్డు పెట్టుకోకపోతే లేనట్టే. ఇది అయ్యాక పేమెంట్స్ డాట్ గూగుల్ డాట్ కామ్ అని క్రోమ్‌లో కొట్టి మీ జీమెయిల్‌తో వెళ్ళండి, అక్కడ పేమెంట్ మెథడ్స్‌లో మీ గూగుల్ అకౌంట్‌కి అతుక్కుని ఉన్న కార్డులన్నీ ఉంటాయి, ప్లే స్టోర్ వాడేది దీన్నే. ఇక్కడా రిమూవ్ కొట్టండి. సబ్‌స్క్రిప్షన్ ఏదైనా ఈ కార్డు మీద నడుస్తుంటే తియ్యనివ్వకపోవచ్చు, అందుకే మొదట క్యాన్సిల్ చెయ్యమన్నాను.

మీది వీసా కార్డు అని రాశారు కాబట్టి యూపీఐ గొడవ లేదు. ఇది చదివే వాళ్ళలో రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి లింక్ చేసుకున్నవాళ్ళు ఉంటే, వాళ్ళది కార్డుల్లో కాకుండా బ్యాంకు అకౌంట్ల పక్కన ఇంకో అకౌంట్ లాగా కూర్చుని ఉంటుంది, అక్కడ విడిగా తీసుకోవాలి. మీ యూపీఐ అయితే కొత్త ఫోన్లో సిమ్ వేసి మళ్ళీ రిజిస్టర్ చేసిన రోజే పాత ఫోన్లో ఆగిపోయింది, సిమ్ ఎక్కడుంటే అది అక్కడే పనిచేస్తుంది. పిల్లాడు మీ బ్యాంకు అకౌంట్లోంచి స్కాన్ చేసి కొనేస్తాడేమో అన్న భయం వదిలెయ్యండి.

నాలుగోది అందరూ వదిలేసేది. మిగతా షాపింగ్ సైట్ల దగ్గర ఉన్న టోకెన్లు. ఒక్కో యాప్‌కి వెళ్ళి సేవ్డ్ కార్డ్స్ వెతుక్కుని డిలీట్ చెయ్యడం పెద్ద పని, పైగా ఎక్కడెక్కడ సేవ్ చేశామో గుర్తుండదు. కానీ దీనికి మంచి దారి ఒకటుంది, ఎందుకో బ్యాంకులు దాని గురించి గట్టిగా చెప్పవు. మీ కార్డు ఏ ఏ వ్యాపారుల దగ్గర సేవ్ అయిందో ఆ లిస్టు మీకు చూపించి, అక్కడి నుంచే తీసెయ్యనివ్వాలని 2021 సెప్టెంబర్‌లోనే రిజర్వ్ బ్యాంక్ అన్ని బ్యాంకులకీ చెప్పింది, యాప్‌లో గానీ నెట్ బ్యాంకింగ్‌లో గానీ ఫోన్‌లో గానీ బ్రాంచిలో గానీ. మీ బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగ్స్‌లో మేనేజ్ టోకెన్స్ లాంటిది వెతకండి. కొన్ని యాప్‌లలో అయితే అది ఏ మూలన పెట్టారో దేవుడికే తెలియాలి, దొరక్కపోతే కార్డు వెనక రాసి ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి "నా కార్డు మీద ఉన్న టోకెన్ల లిస్టు కావాలి, కొన్ని డీరిజిస్టర్ చెయ్యాలి" అని సరిగ్గా ఆ మాటే అనండి, కార్డు సేవ్ అయింది తీసెయ్యండి అంటే వాళ్ళు బ్లాక్ చెయ్యమంటారా అని మొదలుపెడతారు. లిస్టు చూస్తే ఎప్పుడో ఒక్కసారి కేక్ ఆర్డర్ పెట్టిన సైటు కూడా ఉంటుంది, చూడండి కావాలంటే.

నంబర్ మాత్రం కార్డు వెనకదే. గూగుల్‌లో కస్టమర్ కేర్ అని వెతికి పైన కనపడిన నంబర్‌కి చెయ్యొద్దు, అందులో సగం దొంగవే ఉంటాయి, కార్డు రిమూవ్ చెయ్యడానికి హెల్ప్ చేస్తాం అని స్క్రీన్ షేర్ చేసే యాప్ వేయిస్తారు. కార్డు తీసెయ్యడానికి ఎవరికీ ఓటీపీ చదివి చెప్పే పని ఉండదు, యూపీఐ పిన్ అసలే అక్కర్లేదు. ఒకవేళ అలాంటి వాడి చేతిలో పడితే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, ఇది మీకు కాకపోయినా స్టాఫ్ రూమ్‌లో చెప్పండి.

ఇక అసలు నాకు భయం వేసింది కార్డు గురించి కాదు. మీరు పాత ఫోన్లో గూగుల్ పే తీసేశాను అని రాశారు గానీ జీమెయిల్ తీసేశాను అని ఎక్కడా రాయలేదు. రీసెట్ చేశాను అని కూడా రాయలేదు. అంటే పిల్లాడి చేతిలో ఉన్న ఫోన్లో మీ గూగుల్ అకౌంట్ ఇంకా తెరిచే ఉంది. మీ మెయిళ్ళు, మీ ఫోటోలు, మీ కాంటాక్టులు, మీ ప్లే స్టోర్, ఆ స్టోర్‌లో మీ కార్డు. వాడు మంచి పిల్లాడే కావచ్చు, హాస్టల్లో వాడి ఫోన్ పట్టుకునే ఇంకో పదిమంది సంగతి మనకి తెలియదు. ఆ 89 కూడా బహుశా ఇక్కడి నుంచే మొదలై ఉంటుంది, వాడు ఏదో యాప్‌లో నొక్కితే అప్పటికే సేవ్ అయి ఉన్న మీ కార్డు ముందుకొచ్చింది, ఓటీపీ అడిగింది, మీకు ఫోన్ చేశాడు. వాడికి అది మీ కార్డు అని తెలుసో లేదో కూడా చెప్పలేం.

దీనికి పిల్లాడిని అడగక్కర్లేదు. మీ కొత్త ఫోన్లో సెట్టింగ్స్‌లో గూగుల్‌లోకి, అక్కడ మేనేజ్ అకౌంట్, సెక్యూరిటీ, యువర్ డివైజెస్. మీ అకౌంట్ ఎక్కడెక్కడ తెరిచి ఉందో ఫోన్ పేర్లతో సహా వస్తుంది. పాత ఫోన్ మీద నొక్కి సైన్ అవుట్ కొట్టండి. తర్వాత పాస్‌వర్డ్ మార్చండి. ఇలా చేస్తే పిల్లాడి ఫోన్లో మీ అకౌంట్ ఆగిపోయి మళ్ళీ పాస్‌వర్డ్ అడుగుతుంది, వాడు వెంటనే ఫోన్ చేస్తాడు, "పెద్దమ్మా ఫోన్లో ఏదో వస్తోంది" అని. అదే మీకు మాట్లాడే అవకాశం. "కొత్త ఫోన్ కొన్నాక బ్యాంకు వాళ్ళు పాత ఫోన్లో నా అకౌంట్ తీసెయ్యమన్నారు నాన్నా, నీది నువ్వు పెట్టుకో" అనండి, అబద్ధం కూడా కాదు, బ్యాంకులు చెప్పేది అదే. తోడికోడలి దాకా వెళ్ళే పనే లేదు. వాడు సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు ఫోన్ తీసుకుని సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌లోంచి మీ జీమెయిల్ తీసేసి, వాడి ఫోటోలు ఎక్కడైనా దాచుకున్నాక ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి. అకౌంట్ తియ్యకుండా రీసెట్ కొడితే ఆన్ అయ్యాక పాత అకౌంట్ పాస్‌వర్డ్ అడిగి మొండికేసే అవకాశం ఉంది, వాడు విజయవాడలో మీరు తణుకులో, రాత్రి పదింటికి పాస్‌వర్డ్ అక్షరం అక్షరం ఫోన్లో చెప్పుకోవాలి, అది వద్దు.

భర్త గారు చెప్పిన బ్లాక్ సంగతి. ఆయన చెప్పింది తప్పని కాదు, కార్డు పోయినప్పుడు, తెలియని చోట పెద్ద మొత్తం కట్ అయినప్పుడు అదే ముందు చెయ్యాలి, ఆలోచించకూడదు. ఇక్కడ మాత్రం అక్కర్లేదు అని నా అభిప్రాయం. బ్లాక్ చేస్తే కొత్త నంబర్‌తో కొత్త కార్డు వస్తుంది, ఈఎంఐ దానంతటది కొత్త కార్డు బిల్లులోకి వస్తుంది, అది కార్డు నంబర్ మీద కాదు మీ అకౌంట్ మీద ఉంటుంది. కానీ ఎల్ఐసీ, కరెంటు వాటికి కొత్త కార్డుని మళ్ళీ మీరు ఒప్పుకుంటేనే కలపాలి, మన దగ్గర మీ అనుమతి లేకుండా పాత చోట్లకి కొత్త కార్డు తగిలించకూడదు. అంటే మళ్ళీ ఓటీపీలు, మళ్ళీ రిజిస్ట్రేషన్, మధ్యలో ఒక నెల ప్రీమియం తప్పితే అదో తలనొప్పి. అసలు మీ గూగుల్ అకౌంట్ పాత ఫోన్లో అలాగే ఉండి, రేపు కొత్త కార్డు మీరు ప్లే స్టోర్‌లో పెట్టుకుంటే కథ మళ్ళీ మొదటికి.

బ్లాక్ బదులు బ్యాంకు యాప్‌లో కార్డుకి స్విచ్‌లు ఉంటాయి చూడండి, ఆన్‌లైన్, ఇంటర్నేషనల్, కాంటాక్ట్‌లెస్ అని విడివిడిగా ఆన్ ఆఫ్ చేసుకోవచ్చు. ఇంటర్నేషనల్ మీకు అవసరం లేకపోతే ఇవాళే ఆఫ్ చెయ్యండి. ఇందాక ఓటీపీ లేకుండా మొదలవ్వదు అన్నాను కదా, అది మన దేశంలోని వ్యాపారులకి. బయటి దేశాల సైట్లలో కొన్ని ఓటీపీ అడగకుండానే లాగేస్తాయి. ఆన్‌లైన్ స్విచ్ మాత్రం ఆఫ్ చెయ్యకండి, చేస్తే మీ ప్రీమియం కూడా ఆగిపోవచ్చు.

పోయిన డబ్బులు వెనక్కి వస్తాయా అని అడిగారు. మీకు తెలియని మోసం అయితే, అందులో మీ తప్పు లేకపోతే, బ్యాంకు నుంచి కబురు వచ్చిన 3 పని దినాల్లోపు చెప్తే మీ మీద భారం పడదు అని 2017 నుంచి రూల్ ఉంది. కానీ ఇక్కడ ఫోన్ మీరే ఇచ్చారు, ఓటీపీ మీరే చెప్పి ఉంటారు, నెలలు గడిచాయి. బ్యాంకుతో వాదించి లాభం లేదు, ఆ ఓపిక ఓటీటీ వాళ్ళ మీద పెట్టండి, ఆఖరి నెలది వాడలేదని రాస్తే కొంతమంది వెనక్కిస్తారు. అలా వచ్చే రీఫండ్ కార్డు రిమూవ్ చేసినా మీ కార్డు బిల్లులోకే వస్తుంది, వాలెట్‌లో లేదు కదా ఎలా వస్తుంది అని అనుమానం వద్దు. రిమూవ్ చెయ్యడం అంటే కార్డు రద్దవ్వడం కాదు. బిల్లు కట్టాల్సిందే, సంవత్సరం ఫీజు ఉంటే అదీ పడుతుంది. కార్డే వద్దనుకుంటే క్లోజ్ చెయ్యమని విడిగా అడగాలి, బాకీ ఏమీ లేకపోతే 7 పని దినాల్లో చెయ్యాలి, ఆలస్యం చేస్తే రోజుకి 500 చొప్పున వాళ్ళే మీకు కట్టాలి.

చికాగో అబ్బాయి మాట. అతను చెప్పింది తప్పు కాదు, అతని ఐఫోన్‌కి. అక్కడ వాలెట్ యాప్‌లోనే కార్డులు ఉంటాయి, కార్డు మీద నొక్కి మూడు చుక్కలు, కార్డ్ డీటెయిల్స్, అడుగున రిమూవ్ కార్డ్. వాచీకి కూడా కార్డు పెట్టుకుని ఉంటే ఫోన్లో తీసినా వాచీలో ఉంటుంది, అక్కడ విడిగా తియ్యాలి. ఫోన్ పోతే ఫైండ్ మై అని పోయిన ఫోన్ వెతికే యాప్ ఉంటుంది, అందులో లాస్ట్ అని పెడితే కార్డులు ఆగిపోతాయి. మీకు వాలెట్ కనపడకపోవడానికి కారణం, గూగుల్ వాలెట్ మన దేశంలో 2024 మేలో వచ్చినప్పుడు బోర్డింగ్ పాసులు, సినిమా టికెట్లు, మెట్రో టికెట్లు దాచుకోవడానికి వచ్చింది, మన కార్డులు గూగుల్ పేలోనే ఉండిపోయాయి. అక్కడ గూగుల్ వాలెట్లో కార్డు, ఇక్కడ గూగుల్ పేలో కార్డు, అతనికి ఈ తేడా తెలియక మిమ్మల్ని తికమక పెట్టాడు. మీరు మాత్రం అతనికి ఒకటి చెప్పండి, అమెరికాలో బ్యాంకు కార్డు మార్చినప్పుడు కొత్త నంబర్ చాలాసార్లు వాళ్ళ సబ్‌స్క్రిప్షన్లకి దానంతటదే వెళ్ళిపోతుంది, ఓటీపీ గొడవ కూడా ఉండదు, అందుకని వాలెట్‌లో రిమూవ్ చేసి ఊరుకుంటే ఆ పాత జిమ్ ఫీజు ఏళ్ళ తరబడి పోతూనే ఉంటుంది. పోయినసారి మీరు అక్కడికి వెళ్ళినప్పుడు మీ ఫోన్లో అతని కార్డు పెట్టి ఇచ్చాడని రాశారు, అది ఇంకా మీ గూగుల్ అకౌంట్లో ఉంటుంది, పేమెంట్స్ పేజీలో మీ కార్డు పక్కనే కనపడుతుంది, దాన్ని కూడా ఇదే ఊపులో తీసెయ్యండి.

ఇవన్నీ ఒకే రోజు చెయ్యక్కర్లేదు. ఇవాళ మాండేట్ తేదీ చూడండి, అకౌంట్ సైన్ అవుట్ చెయ్యండి, ఈ రెండూ ఆగకూడదు. మిగతావి ఆదివారం తీరిగ్గా. వచ్చే నెల స్టేట్‌మెంట్ వచ్చాక 149, 89 రెండూ పోయాయో లేదో చూడండి, ఏదైనా ఇంకా కనపడితే ఆ లైన్ ఒక్కటి ఫోటో తీసి పంపండి, కార్డు నంబర్ మీద వేలు అడ్డం పెట్టి.